ఫైబర్ బాడీకి ఏ పుట్టీ? ముందు లోతు కొలవండి

విజయవాడ ఆటోనగర్‌లో ఏ పెయింట్ షాపుకెళ్లి "కారుకి పుట్టీ కావాలండీ" అన్నా చేతిలో పెట్టేది ఒకటే రకం డబ్బా: బూడిదరంగు పేస్టు, దాంతోపాటు చిన్న హార్డెనర్ ట్యూబు. రేకు బాడీకి సొట్ట తీసి పైన పల్చగా పూయడానికి అంతకంటే మంచిది లేదు. ఇంట్లో కట్టుకున్న ఫైబర్ బాడీ ఆకారం మార్చడానికి కూడా అదే తెచ్చుకుంటే నాకు జరిగిందే మీకూ జరుగుతుంది.

నా బండి పాత మారుతీ 800 ఇంజనూ గేర్‌బాక్సూ పెట్టి, పైపు ఫ్రేము కట్టి, మీద ఫైబర్ బాడీ తొడిగినది. ముందు మడ్‌గార్డు మరీ చప్పిడిగా ఉంది, చక్రం మీద కొంచెం ఉబ్బు ఉంటే బాగుంటుందనిపించింది. పుట్టీ మీద పుట్టీ పెట్టుకుంటూ దాదాపు అంగుళం లేపాను. ఫిబ్రవరిలో చూస్తే ముచ్చటేసింది. మే నెలలో మూడు రోజులు ఎండలో నిలబెట్టేసరికి ఉబ్బు చుట్టూ సన్నటి నెర్రె కనిపించింది. జూన్‌లో గోరు పెట్టి లాగితే మొత్తం పెచ్చులా ఊడొచ్చింది. కింద ఫైబర్ నున్నగా, కొత్తదిలా మెరుస్తోంది. పెచ్చు తూకం వేస్తే రెండు కిలోల పైమాటే. పక్క షెడ్డు పెయింటు మేస్త్రీ వచ్చి చూసి, "కొండపల్లి వాళ్లు కూడా మక్కుతో బొమ్మ చెయ్యరు బాబూ, కర్రతోనే చేస్తారు" అన్నాడు.

ఆయన చెప్పింది నిజం. కొండపల్లిలో ఆకారమంతా తెల్ల పొణికి కర్రలోనే చెక్కుతారు. చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కు ముక్కల్ని అతకడానికీ సందులు సరిచెయ్యడానికీ మాత్రమే. కారుకీ అంతే. ఉబ్బు కావాలంటే ఫైబర్‌తోనే లేపాలి. పుట్టీ పని చివరి రెండు మూడు మిల్లీమీటర్లలో ఉంటుంది. అందుకే డబ్బా కొనే ముందు ఎక్కడ ఎంత లోతు నింపాలో తెలుసుకోవాలి.

బాడీ దేంతో చేశారో చూసుకోండి

మన దగ్గర బస్సుల ముందు భాగాలు, తెనాలి వైపు విగ్రహాలు, నీళ్ల తొట్లు, ఇలా ఫైబర్ పేరుతో దొరికేవాటిలో ఎక్కువ భాగం పాలిస్టర్ రెజిన్‌తో, అంటే గాజు నూలుని తడిపి గట్టిపరిచే జిగురుతో, చేసినవే. మీ బాడీ ఎవరిచేతనైనా పోయించుకుని ఉంటే అదీ దాదాపు పాలిస్టరే అయ్యుంటుంది. లోపలివైపు ఒక మూల గరుకు కాగితంతో గట్టిగా రుద్ది వాసన చూడండి. ఫైబర్ షెడ్డులో వచ్చే ఆ ఘాటు వాసన, అంటే స్టైరీన్ వాసన, వస్తే పాలిస్టర్. ఎపాక్సీ అనే ఇంకో రకం రెజిన్ అయితే ఆ వాసన రాదు.

దీని అవసరమేమిటంటే, పాలిస్టర్ మీద పాలిస్టర్ పట్టుకుంటుంది, ఎపాక్సీ ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. తిరగేస్తేనే చిక్కు. ఎపాక్సీ మీద పాలిస్టర్ రెజిన్ గానీ జెల్‌కోట్ (ఫైబర్ పైన వేసే రంగు రెజిన్ పొర) గానీ పూస్తే సరిగ్గా గట్టిపడకుండా జిగటగా ఉండిపోవచ్చు. ముఖ్యంగా కింది ఎపాక్సీ పూర్తిగా ఆరనప్పుడు, దాని మీద పేరుకునే మైనం లాంటి పొరని నీళ్లతో కడగనప్పుడు ఇలా జరుగుతుంది. కాబట్టి ఎక్కడైనా ఎపాక్సీ వాడితే ఆ చోట పైదాకా ఎపాక్సీతోనే వెళ్లడం తేలిక. ఎపాక్సీ ఖరీదు కూడా ఎక్కువ. పాలిస్టర్ బాడీకి పాలిస్టర్ సామానే చాలు అనేది నా అభిప్రాయం. ఎపాక్సీకి నేను రెండు చోట్ల మాత్రమే ఓటేస్తాను: ఇనుప బ్రాకెట్టు ఫైబర్‌కి అంటించాల్సిన చోట, థర్మోకోల్ తగిలే చోట.

లోతు కొలిచి బాడీ మీదే రాయండి

పల్చటి అల్యూమినియం పట్టీ గానీ అట్టముక్క గానీ తీసుకుని మీకు కావలసిన కొత్త గీత ప్రకారం వంచండి. దాన్ని బాడీ మీద నిలబెట్టి, ప్రతి 5 సెంటీమీటర్లకీ కింద సందు ఎంతుందో స్కేలుతో కొలిచి ఆ అంకె మార్కర్‌తో అక్కడే రాసెయ్యండి. అరగంట పని. నేను రెండోసారి చేసినప్పుడు మడ్‌గార్డు మీద 2, 4, 9, 17, 22, 15, 6 అని వరుసగా వచ్చాయి. ఆ అంకెలు చూశాకే మొదటిసారి ఎంత తెలివితక్కువ పని చేశానో అర్థమైంది.

బరువు లెక్క కూడా ఒకసారి వేసుకోండి. చదరపు అడుగు మేర ఒక సెంటీమీటరు మందం పెడితే సుమారు 0.93 లీటరు పుట్టీ పడుతుంది. మామూలు పుట్టీ నీటికంటే దాదాపు 1.8 రెట్లు బరువనుకున్నా 1.7 కిలోలు. అంత బరువు, అంత గట్టి ముద్ద, వేలితో నొక్కితే ఊగే ఫైబర్ పలక మీద కూర్చుంటుంది. పలక ఊగుతుంది, ముద్ద ఊగదు. అంచు దగ్గర విడిపోక ఏం చేస్తుంది?

అందుకే ఏ పుట్టీ పెట్టే ముందైనా అరచేత్తో ఆ చోట నొక్కి చూడండి. లోపలికి పోతుంటే వెనకవైపు నుంచి ఒకటో రెండో పొరలు మ్యాట్, అంటే రెజిన్‌లో తడిపిన గాజు నూలు చాప, వేసి ముందు బిగువు తెప్పించండి. ఈ ఒక్క పని వదిలేస్తే తర్వాత ఎంత మంచి పుట్టీ పెట్టినా నెర్రె తప్పదు.

ఇప్పుడు ఏ లోతుకి ఏది

6 మిల్లీమీటర్లు దాటితే అది పుట్టీ పని కాదు. అక్కడ రెండు దారులు. మొదటిది, నాకు నచ్చినది, పలకనే కోసి లేపడం. ఉబ్బు కావలసిన చోట మూడు వైపులా గ్రైండర్‌తో గాటు పెట్టి, పలకని కొత్త గీతదాకా బయటికి నెట్టి, కర్రముక్కలు ఆనించి నిలబెట్టి, వెనక నుంచి మ్యాట్ వేసెయ్యడం. ఆరాక బయట గాట్ల అంచుల్ని ఏటవాలుగా రుద్ది, పైనుంచి మ్యాట్ ముక్కలు పెట్టి కలిపెయ్యాలి. ఏటవాలు ఎంత పొడుగ్గా ఉంటే అతుకు అంత గట్టి. పలక మందానికి పన్నెండు రెట్లు ఉంటే నిశ్చింత. అంటే 3 మిల్లీమీటర్ల పలకకి దాదాపు 36 మిల్లీమీటర్ల వాలు.

రెండో దారి, ఫోమ్ ముక్క అంటించి చెక్కి, దాని మీద మ్యాట్ వెయ్యడం. ఇక్కడ ఒక గండం ఉంది. ప్యాకింగులో వచ్చే తెల్ల థర్మోకోల్ మీద పాలిస్టర్ రెజిన్ పోస్తే, అందులోని స్టైరీన్ దాన్ని వేడి పాలలో పంచదారలా కరిగించేస్తుంది. మీ ఉబ్బు కళ్లముందే గుంటవుతుంది. పాలిస్టర్‌తో చేస్తే పీయూ (పాలీయురేథేన్) ఫోమే వాడాలి. అది కరగదు. హాక్సా బ్లేడుతో కోస్తే తెగుతుంది, 40 నంబరు కాగితంతో రుద్దితే చెప్పిన మాట వింటుంది. ఎంత మ్యాట్ వెయ్యాలంటే, చదరపు మీటరుకి 450 గ్రాములు తూగే చాప్ మ్యాట్ ఒక పొర సుమారు 1 మిల్లీమీటరు మందం ఇస్తుంది. చదరపు అడుగుకి మ్యాట్ 42 గ్రాములు తూగుతుంది, దానికి రెజిన్ రెండు నుంచి రెండున్నర రెట్లు, అంటే 85 నుంచి 105 గ్రాములు. ఫోమ్ మీద కనీసం రెండు పొరలు వెయ్యండి. తుది గీతకంటే ఒకటి రెండు మిల్లీమీటర్లు కిందే ఆపండి, పుట్టీకి చోటుండాలి కదా.

3 నుంచి 6 మిల్లీమీటర్ల మధ్య, ఇంకా అంచులు, మూలలు, మూసేసిన బోల్టు రంధ్రాలు ఉన్న చోట ఫైబర్ పుట్టీ మంచిది. అంటే గాజు నూలు ముక్కలు కలిపిన పుట్టీ. డబ్బా తెరిస్తే లోపల వెంట్రుకల్లా కనిపిస్తాయి. గట్టిగా పట్టుకుంటుంది, నీరు తక్కువ పీలుస్తుంది, అంచు విరగదు. కాకపోతే రుద్దడం మహా కష్టం, పైన నున్నదనం రాదు. దొరక్కపోతే రెజిన్‌లో మ్యాట్‌ని సన్నగా కత్తిరించి కలిపి మీరే చేసుకోవచ్చు. ఆటోనగర్‌లో ఫైబర్ పని చేసేవాళ్లందరూ చేసేది అదే.

మామూలు పుట్టీకి 3 మిల్లీమీటర్ల లోపు చోటివ్వండి. ఇక్కడే మన బూడిదరంగు డబ్బాకి గౌరవం. దాంట్లో తేలిక రకం, అంటే బోలు గాజు పూసల పొడి కలిపినది దొరికితే ఫైబర్ బాడీకి అదే మేలు. బరువు తక్కువ, రుద్దడం సులువు. అన్నిటికంటే ముఖ్యం, దాని గట్టిదనం కింది ఫైబర్ కంటే ఎక్కువుండదు. నింపినది చుట్టూ ఉన్నదానికంటే గట్టిదైతే, కాగితంతో రుద్దుతున్నప్పుడు చుట్టూ ఉన్నదే ముందు అరిగిపోతుంది, నింపిన చోటు మొటిమలా నిలుస్తుంది. ఎం-సీల్ లాంటి ఎపాక్సీ ముద్దతో ఆకారం దిద్దొద్దనడానికి కారణం ఇదే. అది చిన్న రంధ్రం పూడ్చడానికి భేషైనది, మడ్‌గార్డు గీత దిద్దడానికి కాదు.

ఇంట్లోనే తేలిక పుట్టీ కలుపుకోవడమూ కష్టం కాదు. రెజిన్‌లో మైక్రో బెలూన్ల పొడి, అంటే ఇందాకటి బోలు పూసలు, వేస్తే బరువు తగ్గుతుంది, ఏరోసిల్ అనే మెత్తటి సిలికా పొడి వేస్తే జారకుండా నిలబడుతుంది. రెండూ కావాలి. ఉత్త బెలూన్లే వేస్తే నిలువు పలక మీద నుంచి పప్పుచారులా కారిపోతుంది. గోంగూర పచ్చడిలా గరిటె మీద నిలబడేదాకా ఏరోసిల్ వెయ్యండి. రెండు పొడులూ గాలికి లేస్తాయి, ఊపిరితిత్తులకి మంచివి కావు, మాస్కు లేకుండా డబ్బా మూత కూడా తియ్యొద్దు. విగ్రహాల వాళ్లు వాడే టాల్కు, రాతిపొడి చవక. కానీ బరువు. వానాకాలంలో చెమ్మ పట్టిన పొడి కలిపితే గట్టిపడటంలోనూ తేడా వస్తుంది. విగ్రహం కదలదు, కారు కదులుతుంది అని గుర్తుంచుకుంటే చాలు. హెడ్‌లైటు బోల్టులు, కీలు బిగించే చోట మాత్రం బెలూన్ల పుట్టీ వద్దు, నలిగిపోతుంది. అక్కడ మ్యాట్ ముక్కల ముద్దే పెట్టండి.

అర మిల్లీమీటరు లోపు గీతలకి, సూదిమొన రంధ్రాలకి రెండు భాగాల సన్న పుట్టీ, అంటే హార్డెనర్ కలిపే రకమే వాడండి. ఎన్.సి. (నైట్రోసెల్యులోజ్) పుట్టీ హార్డెనర్ అక్కర్లేకుండా ట్యూబులోంచి తీసి పూసేది కాబట్టి మన పెయింటర్లకి మహా ఇష్టం. అది థిన్నర్ ఆవిరై ఆరుతుంది, ఆరాక కూడా రోజుల తరబడి కుంచించుకుంటూనే ఉంటుంది. ప్రైమర్ మీద గోటి గీతంత పూయండి, అంతకు మించి వద్దు. ఇక గోడలకి పెట్టే లప్పం గురించి ఒకాయన నన్ను నిజంగానే అడిగారు. వద్దండీ.

ఉపరితలం సిద్ధం చెయ్యడం

ముందు కడగాలి, తర్వాత రుద్దాలి. ఈ వరుస తారుమారు చెయ్యొద్దు. అచ్చులోంచి తీసిన బాడీ మీద మైనం ఉంటుంది. కడక్కుండా రుద్దితే ఆ మైనాన్ని గీతల్లోకి కుక్కినట్టే. నా పెచ్చు కింద ఫైబర్ అంత నున్నగా మెరవడానికి కారణం ఇదే. సబ్బు నీళ్లతో కడిగి, ఆరాక, మైనం తీసే ద్రావకం గానీ అసిటోన్ గానీ శుభ్రమైన పాత నూలు పంచె ముక్కతో పూసి, ఆరకముందే ఇంకో ముక్కతో తుడవండి. తర్వాత 80 నంబరు ఉప్పు కాగితంతో మెరుపంతా పోయేదాకా రుద్దండి. నింపే చోటు చుట్టూ ఇంకో రెండంగుళాలు ఎక్కువే రుద్దండి. ఎక్కడైనా మెరుపు మిగిలిందంటే అక్కడ పుట్టీ పట్టదు.

అనుమానం ఉంటే పరీక్ష చెయ్యండి. బాడీలోంచి కోసిన పనికిరాని ముక్క మీద ఇలాగే రుద్ది, పుట్టీ పెట్టి, ఒక రోజు ఆరనిచ్చి, ముక్కని విరవండి. పుట్టీతోపాటు ఫైబర్ నూలు చీలి వస్తే అతుకు బాగున్నట్టు. పుట్టీ ఒక్కటే శుభ్రంగా లేచొస్తే మళ్లీ మొదటికి.

మన ఎండల్లో కలపడం

డబ్బా మీద రాసిన సమయాలు 25 డిగ్రీల దగ్గరివి. బెజవాడలో మార్చి నుంచి జూన్ దాకా ఆ లెక్క నడవదు. పది డిగ్రీలు పెరిగితే పని చేసుకునే సమయం సగానికి పడిపోతుందనుకోండి. అయిదు నిమిషాలుండేది మధ్యాహ్నం రెండు నిమిషాల్లో గడ్డకడుతుంది. హార్డెనర్ బాగా తగ్గించేద్దాం అనిపిస్తుంది. అలా చేస్తే లోపల మెత్తగా ఉండిపోతుంది. సాధారణంగా 100 గ్రాముల పుట్టీకి 2 గ్రాములు, ఎండాకాలంలో ఒకటిన్నర దాకా తగ్గించొచ్చు, డబ్బా మీద ఇచ్చిన కనీస పరిమాణానికి దిగువకి మాత్రం పోవద్దు. అంతకంటే పొద్దున్నే అయిదున్నరకి లేచి ఎనిమిది లోపల పని ముగించడం నయం. ఎక్కువ వేసినా నష్టమే. సూది రంధ్రాలు వస్తాయి, తర్వాత పెయింటు మీద మరకలా రంగు తేలుతుంది. కంటి అంచనా మానేసి వంటింటి చిన్న త్రాసు వాడండి, ఇంట్లో తిట్లు నావి కావు.

అద్దం పలక మీద కలపండి. గరిటెతో గిలక్కొట్టొద్దు, గాలి చేరుతుంది. మడిచి, నొక్కి, మళ్లీ మడిచి, రంగు ఒకేలా వచ్చేదాకా. నిమ్మకాయంత ఉండలుగానే కలుపుకోండి. మిగిలింది మళ్లీ డబ్బాలో వెయ్యొద్దు.

ఇంకొకటి, టెన్షన్ పెట్టడానికి కాదు గానీ ఇది తప్పకుండా చదవండి. పుట్టీ ట్యూబులోని పేస్టూ రెజిన్‌తో ఇచ్చే నీళ్లలాంటి కెటలిస్టూ ఒకటి కావు, ఒకదాని బదులు ఒకటి పనికిరావు. రెజిన్‌కి కోబాల్ట్ (గట్టిపడటాన్ని వేగిరపరిచే ద్రవం) విడిగా ఇస్తే, ముందు కోబాల్ట్‌ని రెజిన్‌లో పూర్తిగా కలిపాకే కెటలిస్టు వెయ్యాలి. కోబాల్ట్, కెటలిస్టు ఎప్పుడూ నేరుగా కలవకూడదు. మంట గానీ పేలుడు గానీ వస్తుంది. రెండు సీసాలూ ఒకే సంచిలో తేవొద్దు, ఒకే గిన్నెతో కొలవొద్దు. కెటలిస్టు కంట్లో పడితే చూపే పోవచ్చు. కళ్లద్దాలు పెట్టుకోండి, పడితే వెంటనే పావుగంట నీళ్లతో కడిగి, ఆ తర్వాత ఆసుపత్రికి బయల్దేరండి. రెజిన్ వాసనకి గుడ్డ మాస్కు చాలదు, ఆవిరి పీల్చే క్యాట్రిడ్జి ఉన్నది కావాలి. రుద్దేటప్పుడు దుమ్ముకి ఎన్-95 సరిపోతుంది. మిగిలిన రెజిన్ లోతైన మగ్గులో వదిలేస్తే వేడెక్కి పొగలు కక్కుతుంది, ఇసుక మీద పల్చగా పారబోయండి.

రుద్దడం, ఎండబెట్టడం

హవాయి చెప్పు ముక్కకి కాగితం చుట్టి రుద్దడం మన పెయింటర్ల అలవాటు. చిన్న వంపులకి అది నిజంగా బాగుంటుంది. పొడుగు పలకల మీద మాత్రం చెప్పు గుంటల్లోకి దిగి గుంటనే నున్నగా చేస్తుంది. అడుగున్నర ప్లైవుడ్ పట్టీకి కాగితం అంటించి, ఏటవాలుగా ఒకసారి అటూ ఒకసారి ఇటూ రుద్దండి. 80తో ఆకారం, 120తో గీతలు మాపడం, 180తో ముగింపు. మధ్యలో నల్ల స్ప్రే పెయింటు పల్చగా చల్లి రుద్దితే, నలుపు మిగిలిన చోటు పల్లం, ముందే పోయిన చోటు ఎత్తు. కళ్లు మోసం చేస్తాయి, నలుపు చెయ్యదు.

ఇక తొందరపడొద్దు. పాలిస్టర్ వారాల తరబడి కొద్దికొద్దిగా కుంచించుకుంటుంది. ఈరోజు నున్నగా ఉన్న అతుకు నెల తర్వాత పెయింటు కింద గీతలా కనబడుతుంది. మన ఎండ ఇక్కడే పనికొస్తుంది. ప్రైమర్‌కి ముందు బండిని వారం పది రోజులు ఎండలో నిలబెట్టండి, రాత్రి వాన పడే సూచనుంటే కప్పండి. కుంగేది అప్పుడే కుంగుతుంది, మళ్లీ పల్చగా సన్న పుట్టీ పెట్టి సరిచెయ్యొచ్చు. ముదురు రంగు వెయ్యాలనుకుంటే ఇది ఇంకా అవసరం, నలుపు, ముదురు నీలం ఎండకి బాగా వేడెక్కుతాయి. నేను తెలుపు వేశాను, సగం కారణం ఇదే.

ఈ బండిని రోడ్డెక్కించే ఆలోచన ఉంటే పుట్టీకి ముందే రవాణా శాఖ కార్యాలయంలో అడగండి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రిజిస్టరైన బండిని ఇష్టమొచ్చినట్టు మార్చడం కుదరదు. నాది మా చుట్టాల తోటలో, కాలేజీ పిల్లల ప్రదర్శనల్లో తిరుగుతుంది, అంతే.

చివరగా పెయింటర్‌ని పిలిచినప్పుడు. ఆయన అలవాటు ప్రకారం బకెట్టు నీళ్లు, వాటర్ పేపరు తీసుకొస్తాడు. పుట్టీ బయట కనిపిస్తున్నంతసేపు నీళ్లు తగలనివ్వొద్దు. అందులోని టాల్కు నీరు పీల్చుకుని, పెయింటు వేశాక ఎండకి ఆ చెమ్మ బొబ్బలుగా లేస్తుంది. పొడిగానే రుద్ది, ఎపాక్సీ ప్రైమర్ రెండు కోట్లు వేయించి, అది పూర్తిగా ఆరి, ఎక్కడా పుట్టీ తొంగిచూడట్లేదని మీరే చుట్టూ తిరిగి చూసుకున్నాకే ఆ బకెట్టు దగ్గరికి రానివ్వండి. "నలభై ఏళ్ల నుంచి నీళ్లతోనే రుద్దుతున్నా బాబూ" అంటాడు. నవ్వి, టీ తెప్పించి, బకెట్టు మాత్రం షెడ్డు బయటే ఉంచండి.